మీ శ్రీమతిని అడిగారా?

ఉత్తరం: నాకు 39 ఏళ్లు. హైదరాబాద్‌లో ఆరోగ్య బీమా క్లెయిములు పరిశీలించే ఆఫీసులో పని చేస్తున్నాను. రోజంతా ఆసుపత్రి బిల్లులు చూడటం, తేడా కనిపిస్తే క్వెరీ పెట్టడం, సాయంత్రానికి టార్గెట్ పూర్తయిందో లేదో చూసుకోవడం, ఇంతే నా జీవితం. దీనివల్ల సమాజానికి ఏం ఒరిగిందా అన్న ఆలోచనతో నిద్ర పట్టడం లేదు. ఉద్యోగం మానేసి ఆదిలాబాద్ జిల్లా ఉట్నూరు ప్రాంతానికి వెళ్లి, రెండేళ్లపాటు అక్కడి గిరిజన పిల్లలకు చదువు చెప్పాలని ఉంది. నా భార్య ప్రభుత్వ ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు, కాబట్టి ఇల్లు గడవడానికి ఇబ్బంది ఉండదు. మా పాప నాలుగో తరగతి. ఇంటి లోను ఇంకా ఉంది. వీరేశలింగం గారి వంటివారు వెనకాముందూ చూసుకుని ఉంటే సమాజం మారేదా? రాజీనామా ఇప్పుడే ఇవ్వాలా, ఒక ఏడాది ఆగాలా?

జవాబు: రాజీనామా ఇప్పుడు ఇవ్వకండి. మీరు అడిగిన ప్రశ్నకు ఇంతకు మించి సమాధానం అక్కర్లేదు. మీరు అడగని విషయమే నన్ను కలవరపెట్టింది.

ఇంత పెద్ద నిర్ణయం గురించి రాసిన ఉత్తరంలో మీ శ్రీమతి ప్రస్తావన ఒక్క వాక్యంలోనే వచ్చింది, అదీ ఆమె జీతం లెక్కలోకి తీసుకోవడానికి. ఆమె ఏమంటున్నారో మీరు రాయలేదు. అసలు ఈ ఆలోచన ఆమె చెవిన వేసినట్టే ఎక్కడా లేదు. మీరు ఉట్నూరు వెళితే పాపను బడికి పంపేది, జ్వరం వస్తే ఆసుపత్రిలో సెలవు పెట్టేది, నెల మొదట్లో లోను వాయిదా కట్టేది ఆమే. ఆమె నైట్ డ్యూటీకి వెళ్లిన రోజు ఆ పిల్ల దగ్గర ఎవరు పడుకుంటారో మీరు ఆలోచించారా?

సమాజానికి పనికొచ్చే పని ఎలా ఉంటుందో చూడటానికి మీరు అంత దూరం వెళ్లనక్కరలేదు. ప్రభుత్వ ఆసుపత్రి వార్డులో రాత్రంతా నిలబడి, సెలైన్ అయిపోయిన మంచం దగ్గర నుంచి ఆయాసపడుతున్న మరో మంచం దగ్గరికి పరుగెత్తి, ఫలానా మందు బయట కొనుక్కురమ్మన్నందుకు రోగి తాలూకు వాళ్ల కోపమంతా తానే పడి, కేస్ షీట్లు రాసి అప్పగించి, తెల్లారి ఇంటికొచ్చి పిల్లకు జడ వేసి బడికి పంపాక గాని నడుం వాల్చలేని మనిషి మీ ఇంట్లోనే ఉన్నారు. మీరు వెతుకుతున్న పని ఆమె రోజూ చేస్తున్నారు, అది మీ కంట పడలేదు. మీ అశాంతికి మూలం ఇక్కడే ఉందని నా నమ్మకం. ఇంట్లో ఒకరి మీద బరువు మోపి, వాళ్లను ఒక్క మాటైనా అడగకుండా బయట చేసే సేవను నేను సేవగా ఒప్పుకోలేను.

వీరేశలింగం గారిని తలుచుకున్నారు. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో ఆయన మొదటి వితంతు వివాహం జరిపించినప్పుడు ఊళ్లోవాళ్లు ఆ ఇంటిని వెలివేశారు. వంటవాళ్లు రాలేదు, నీళ్లు తెచ్చిపెట్టేవాళ్లు మానేశారు. అప్పుడు ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మ గారు తానే గోదావరికి వెళ్లి నీళ్లు మోసుకొచ్చి వంట చేశారు. అది ఆమెకు కూడా తన పని అనిపించింది కాబట్టే అంత నిందలోనూ ఆ ఇల్లు నిలబడింది. పైగా పంతులు గారు అప్పుడూ, ఆ తరువాత చాలా ఏళ్లూ ఉపాధ్యాయ ఉద్యోగం చేసుకుంటూనే ఆ ఉద్యమం నడిపారు.

మీ ఉద్యోగం వల్ల ఎవరికీ ఉపయోగం లేదన్న మాటను కూడా నేను ఒప్పుకోను. రోగి చేతి డబ్బు కట్టకుండా చికిత్స పొందే క్యాష్‌లెస్ అనుమతి గంటలోపు, డిశ్చార్జి అనుమతి మూడు గంటల్లోపు ఇవ్వాలని బీమా నియంత్రణ సంస్థ 2024 మే నెలలో ఎందుకు ఆదేశించవలసి వచ్చిందో నాకంటే మీకే బాగా తెలుసు. డాక్టరు పొద్దున్నే ఇంటికి వెళ్లవచ్చని చెప్పినా, అప్రూవల్ రాలేదని సాయంత్రం దాకా బిల్లింగ్ కౌంటరు ముందు కూర్చుని, ఎందుకైనా మంచిదని బంధువులకు ఫోన్లు చేసి అప్పు అడుగుతున్న మనిషి ఫైలు మీ ముందు ఉంటుంది. ఒక క్వెరీకి జవాబు వచ్చాక ఇంకొకటి పెట్టి తిప్పకుండా, కావలసిన కాగితాలన్నీ మొదటే అడగవచ్చు. క్లెయిము తిరస్కరించక తప్పనప్పుడు కారణాన్ని పాలసీలోని క్లాజు నంబరుతో సరిపెట్టకుండా మామూలు మనిషికి అర్థమయ్యేలా రాయవచ్చు. టార్గెట్ ఒత్తిడిలో ఇవి తేలిక కాదని తెలుసు. అయినా ఈ రెండూ మీ చేతిలో ఉన్న పనులే.

ఉట్నూరు మాట ఎత్తారు కాబట్టి అదీ చెబుతాను. అక్కడి గూడేల్లో చాలామంది పిల్లలు ఇంట్లో గోండీ, కొలామీ మాట్లాడతారు. ఆ భాష నాలుగు ముక్కలైనా రాకుండా వెళ్లి, పిల్లలు దగ్గరయ్యే సమయానికి రెండేళ్లు పూర్తయ్యాయని తిరిగి వచ్చేస్తే మీకు తృప్తి మిగులుతుందేమో గాని, వాళ్లకు మిగిలేది తక్కువ. కోరిక నిజమైనదైతే భాషతో మొదలుపెట్టండి, వేసవి సెలవుల్లో ముగ్గురూ కలిసి వెళ్లి కొన్ని రోజులు ఉండి రండి. మంచి నర్సు అవసరం కూడా ఆ గూడేలకు తక్కువేమీ లేదు. అక్కడి ఆసుపత్రికి బదిలీ కోరుకోవడం ఆమెకు ఇష్టమో కాదో మీకు తెలుసా?

ముందుగా ఆమెతో మాట్లాడండి. నైట్ డ్యూటీ దిగి వచ్చిన ఉదయం మాత్రం వద్దు. ఆమెకు సెలవు ఉన్న రోజు చూసి, వంట మీరు చేసి, పాప పడుకున్నాక కూర్చోండి. మీ ఉట్నూరు సంగతి వెంటనే ఎత్తవద్దు. ఆమె ఉద్యోగం ఎలా సాగుతోందో, ఇన్నేళ్లలో ఆమె మానేద్దామనుకున్న రోజులు ఉన్నాయో, ఉంటే ఎందుకు మానలేకపోయారో అడగండి. అదంతా చివరిదాకా విన్న తరువాతే మీ ఆలోచన చెప్పండి. ఆమె వద్దంటే, కారణం ఏమిటో నాకు రాయండి.