రోజుకు మూడు నిమిషాలు ముందుకు పోయే వాచీ

ప్రశ్న: మా తాతగారి హెచ్‌ఎంటీ జనతా వాచీ నాకు వచ్చింది. రోజూ పొద్దున్నే కీ ఇస్తాను. మొన్నటిదాకా బాగానే నడిచింది, ఈమధ్య ఉన్నట్టుండి రోజుకు మూడు నిమిషాలు ముందుకు పోతోంది. మెషీన్ అరిగిపోయింది, తీసేసి బ్యాటరీ మెషీన్ వేయించుకో అంటున్నాడు షాపతను. వేయించమంటారా?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: వద్దండీ, దయచేసి ఆ పని చేయకండి. అరుగుదల ఏళ్ల తరబడి మెల్లగా బయటపడే జబ్బు. ఉన్నట్టుండి ఇంత ముందుకు పోతోందంటే ముందుగా అనుమానించాల్సింది హెయిర్ స్ప్రింగ్‌ని.

వాచీ వెనక మూత తీయిస్తే అటూ ఇటూ ఊగుతూ ఓ చిన్న చక్రం కనిపిస్తుంది, అది బ్యాలెన్స్ వీల్. దాని మీద తల వెంట్రుక లాంటి సన్నటి తీగ చుట్టలు చుట్టలుగా ఉంటుంది, అదే హెయిర్ స్ప్రింగ్. చక్రం ఎటు తిరిగినా వెనక్కి లాగేది అదే. మీ జనతాలో ఈ ఊపు సెకనుకు ఐదు, గంటకు 18,000, రోజుకు 4,32,000. మూడు నిమిషాలు ముందుకు పోతోందంటే రోజుకు ఓ 900 ఊపులు ఎక్కువ పడుతున్నాయన్నమాట. మొత్తంలో అది 0.2 శాతమే, అంటే ఆ మెషీన్ ఇప్పటికీ ఎంత బుద్ధిగా పనిచేస్తోందో చూడండి!

ఆ తీగకు అయస్కాంతం పట్టినా, నూనె అంటినా చుట్టలు ఒకదానికొకటి అతుక్కుంటాయి. అప్పుడు తీగ పొడవు తగ్గినట్టే కాబట్టి ఊపు వేగం పెరుగుతుంది. స్పీకర్ పక్కన గానీ, అయస్కాంతం ఉన్న ఫోన్ కవర్ మీద గానీ రాత్రిళ్లు పెడుతున్నారేమో గుర్తు తెచ్చుకోండి. చిన్న దిక్సూచి ఉంటే వాచీ పక్కన పెట్టి చూడండి, వాచీ ఆడుతున్న కొద్దీ దాని ముల్లు కూడా వణుకుతుంటే అయస్కాంతం పట్టినట్టే. పాత వాచీలు బాగుచేసే మనిషి దగ్గర దాన్ని వదిలించే పరికరం ఉంటుంది, సెకన్ల పని. అది కాకపోతే క్లీనింగ్, ఆయిలింగ్ చేయించండి. వేగాన్ని సర్దే రెగ్యులేటర్ ముల్లును మాత్రం మీరు కదపకండి, గోరంత జరిగినా నిమిషాల్లో తేడా వస్తుంది.

బెంగళూరులో జపాన్ సిటిజన్ కంపెనీ సహకారంతో 1961లో మొదలైన హెచ్‌ఎంటీ వాచీల కంపెనీని మూసేయాలని 2016లో ప్రభుత్వం నిర్ణయించింది. ఇప్పుడు ఆన్‌లైన్‌లో తళతళలాడుతూ కనిపించే ‘పాత జనతా’ల్లో చాలావాటి డయల్ కొత్తగా రంగు వేసిందే. మీ ఇంట్లో ఉన్నది అసలుది, దాని గుండె తీసేయిస్తే ఇక మిగిలేది డబ్బానే.

ప్రశ్న: డయల్ మీద ‘17 జ్యూవెల్స్’ అని ఉంది. నిజంగా రాళ్లేనా? అమ్మితే ఏమైనా వస్తుందా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: రాళ్లే, కెంపులే, కానీ ఫ్యాక్టరీలో తయారైన కెంపులు. టీ డబ్బులు కూడా రావు. ఇరుసులు లోహంలోనే తిరిగితే రాపిడికి రంధ్రం పెద్దదైపోతుంది, కెంపు గట్టిది, నునుపైనది, నూనె చుక్కను పట్టి ఉంచుతుంది. రాయికి రంధ్రం చేసి వాడే ఈ పద్ధతికి 1704లోనే ఇంగ్లండ్‌లో పేటెంట్ ఇచ్చారు. అప్పట్లో అసలు రాళ్లు కాబట్టి ఖరీదైన వాచీలకే ఆ భోగం. 1902లో ఫ్రాన్స్‌లో వెర్న్యూయ్ కృత్రిమ కెంపుల పద్ధతి ప్రకటించాక మన జనతా దాకా వచ్చింది.

పదిహేడు లెక్క ఇలా: బ్యాలెన్స్ ఇరుసుకు నాలుగు, దాని కింద బిళ్లకు ఒకటి, పళ్ల చక్రాన్ని ఒక్కో పన్ను చొప్పున ఆపి వదిలే ఫోర్కు కొసలకు రెండు, మిగతా ఐదు ఇరుసులకు రెండేసి. మీకు వినిపించే టిక్ టిక్ ఆ ఫోర్కు రాళ్లకు పళ్లు తగిలే చప్పుడే.

ప్రశ్న: వాచీ కనిపెట్టిందెవరు? ఒక్కో చోట ఒక్కో పేరు ఉంది. పిల్లాడి పరీక్షకు ఏది రాయమనాలి?
– ఒక తండ్రి, విజయనగరం

జవాబు: మార్కుల కోసమైతే జర్మనీ న్యూరెంబర్గ్‌కు చెందిన పీటర్ హెన్లైన్ అని రాయమనండి, పుస్తకాల్లో ఎక్కువగా ఉండేది ఆ పేరే. ఆయన 1500ల మొదట్లో వెంట తీసుకెళ్లే చిన్న గడియారాలు చేశాడన్నది నిజమే. నన్నడిగితే మాత్రం ఒక్కరికి కట్టబెట్టడం అన్యాయం. ఆనాటి వాచీలకు చాలావరకు గంటల ముల్లు ఒక్కటే ఉండేది, రోజుకు పావుగంటో ఇంకా ఎక్కువో తేడా వచ్చేదానికి నిమిషాల ముల్లెందుకు? డచ్ శాస్త్రవేత్త హైగెన్స్ 1656లో గడియారానికి లోలకం తగిలించాకే ఆ తేడా సెకన్లలోకి దిగింది. కానీ లోలకం జేబులో ఊగదు కదా! 1675లో ఆయనే చుట్టల స్ప్రింగ్‌తో వాచీ చేయించాడు, ఆ ఆలోచన ముందు నాదేనని ఇంగ్లండ్ నుంచి రాబర్ట్ హుక్ గొడవకు దిగాడు.

నాకు అందరికంటే ఇష్టమైనవాడు జాన్ హారిసన్. వడ్రంగి కొడుకు, ఎవరి దగ్గరా శిష్యరికం చేయలేదు. భూమి నాలుగు నిమిషాలకు ఒక డిగ్రీ తిరుగుతుంది కాబట్టి, బయల్దేరిన రేవులో టైమెంతో కచ్చితంగా తెలిస్తే, దాన్ని ఓడ ఉన్నచోటి టైముతో పోల్చి ఓడ ఏ రేఖాంశం మీద ఉందో లెక్కకట్టొచ్చు. భూమధ్యరేఖ దగ్గర నాలుగు నిమిషాలు తప్పితే 111 కిలోమీటర్లు తప్పినట్టు, ఇక రాళ్లకు గుద్దుకోవడమే. దీనికి ఉపాయం చెప్పినవాళ్లకు 20,000 పౌండ్ల వరకు ఇస్తామని 1714లో బ్రిటిష్ పార్లమెంటు చట్టం చేసింది. హారిసన్ నాలుగో యంత్రం, దాదాపు 13 సెంటీమీటర్ల వెడల్పున్న పెద్ద వాచీ, 1761లో జమైకాకు బయల్దేరింది. 81 రోజుల తర్వాత వచ్చిన తేడా ఐదు సెకన్లు! అయినా ఆ బహుమతి తేల్చే బోర్డు పెద్దలు అదృష్టం కలిసొచ్చిందన్నారు, విప్పి చూపించమన్నారు, ఇంకోటి చేయమన్నారు. చివరికి రాజు మూడో జార్జి కల్పించుకున్నాక 1773లో పార్లమెంటు మిగతా డబ్బు ఇచ్చేసరికి ఆయనకు ఎనభై ఏళ్లు.

ప్రశ్న: సాలార్‌జంగ్ మ్యూజియం గడియారంలో గంట కొట్టే బొమ్మకు బ్యాటరీ ఉందా? పిల్లలు పందెం వేసుకున్నారు.
– ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: బ్యాటరీ లేదు, పూర్తిగా యంత్రమే. పందొమ్మిదో శతాబ్దపు గడియారం, ఇంగ్లండ్ నుంచి విడిభాగాలు తెప్పించి కలకత్తాలో కుక్ అండ్ కెల్వీ కంపెనీ బిగించింది. గంట కావడానికి కాస్త ముందు గడ్డం మనిషి బయటికొచ్చి, గంటలు కొట్టి లోపలికి పోతాడు. అందరూ ఆయన్నే చూస్తారు గానీ పక్కన సుత్తి పట్టుకుని సెకను సెకనుకూ కొట్టే కమ్మరిని చూడమని పిల్లలకు చెప్పండి, అసలు కష్టం అతనిది. మధ్యాహ్నం పన్నెండుకైతే పన్నెండు దెబ్బలు వినొచ్చు, కాస్త ముందే వెళ్లి చోటు పట్టుకోండి. శుక్రవారం మ్యూజియానికి సెలవు.