రికార్డింగ్ డబ్బాతోనే హాల్లో పాటలు వినాలంటే

చిరంజీవి మేనల్లుడికి,

రికార్డింగ్ కోసం కొన్న స్కార్లెట్ 2ఐ2నే (మైకుల్ని కంప్యూటర్‌కి కలిపే ఆడియో ఇంటర్‌ఫేస్ డబ్బా) హాల్లో ఆంప్లిఫయర్‌కి కలిపి పాటలు వినొచ్చా అని అడిగావు. నిక్షేపంగా వినొచ్చు. వేరే డీఏసీ (డిజిటల్ పాటని వినే సిగ్నల్‌గా మార్చే పెట్టె) కొనకు, ఆ డబ్బు స్పీకర్లకి దాచుకో. తేడా వస్తే కేబుల్ దగ్గరో సెట్టింగుల దగ్గరో వస్తుంది.

ముందు కేబుల్. డబ్బా వెనక ఎడమకొకటి, కుడికొకటి 6.35 మి.మీ. జాక్‌లుంటాయి. ఒక్కోదాంట్లో వచ్చేది ఒక్క చానెలే, కాకపోతే బ్యాలెన్స్‌డ్‌గా వస్తుంది: పిన్ను కొసన సిగ్నల్, నడిమి రింగు మీద అదే సిగ్నల్ తలకిందులుగా. చాలామంది ఇంట్లో పడున్న కేబుల్, అంటే ఒక చివర హెడ్‌ఫోన్ పిన్ను, రెండో చివర ఎరుపు తెలుపు ఆర్‌సీఏలు (ఆంప్లిఫయర్ వెనక గుచ్చే గుండ్రటి పిన్నులు) ఉన్నది తెచ్చి, ఒక్క జాక్‌లో గుచ్చేస్తారు. అప్పుడు రెండు స్పీకర్లలోనూ ఎడమ చానెలే, అదీ ఒకదానికొకటి ఎదురు ఫేజులో, అంటే ఒక స్పీకర్ ముందుకి తోస్తే రెండోది వెనక్కి లాగేలా మోగుతుంది. బేస్ పల్చబడుతుంది, నడుమ నిలవాల్సిన గొంతు చెదిరిపోతుంది. స్పీకర్లు పాడయ్యాయేమో అనుకుంటారు పాపం.

నీకు కావలసినవి మోనో పి38 (ఆ 6.35 మి.మీ. పిన్నుని షాపుల్లో అనే పేరు) నుంచి ఆర్‌సీఏకి వెళ్లే కేబుళ్లు రెండు. పిన్ను మీద నల్ల గీత ఒకటే ఉంటే మోనో, రెండుంటే స్టీరియో, షాపులోనే చూసుకో. రేపు బ్యాలెన్స్‌డ్ ఇన్‌పుట్ ఉన్న పవర్డ్ స్పీకర్లు (ఆంప్లిఫయర్ లోపలే ఉన్నవి) కొంటే మాత్రం రెండు చివర్లా స్టీరియో పి38 ఉన్నవే తీసుకో.

వాల్యూమ్: కంప్యూటర్లో 100 శాతం పెట్టు. సీడీ ప్లేయర్ ఇచ్చేది సుమారు 2 వోల్టులు. ఈ డబ్బా స్టూడియో పరికరాల కోసం చేసింది, నాబ్ పూర్తిగా తిప్పితే అంతకంటే ఎక్కువే ఇవ్వగలదు. నాబ్ సగం దగ్గర మొదలుపెట్టి, పెద్ద శబ్దాలు బొంగురుపోతే తగ్గించు.

ముందువైపు డైరెక్ట్ మానిటర్ (ఇన్‌పుట్ శబ్దాన్ని నేరుగా స్పీకర్లకి పంపేది), 48 వోల్టులు (మైకుకి కరెంటు ఇచ్చేది) రెండూ ఆఫ్, గెయిన్ నాబ్‌లు (ఇన్‌పుట్ శబ్దాన్ని పెంచేవి) సున్నా. డైరెక్ట్ మానిటర్ ఆన్‌లో ఉంటే ఇన్‌పుట్‌ల బుసబుస పాటలో కలుస్తుంది. మైకు తగిలించి ఉంటే కూత పెడుతుంది.

విండోస్ అన్ని శబ్దాలనీ ఒకే శాంపిల్ రేటుకి (సెకనుకి ఎన్నిసార్లు శబ్దాన్ని కొలిచారన్న లెక్క) మార్చి పంపుతుంది. సీడీ నుంచి తీసిన పాటలే ఎక్కువగా వింటావు కాబట్టి సౌండ్ సెట్టింగుల్లో 24 బిట్, సీడీ రేటైన 44,100 ఎంచుకో. ఫూబార్2000 అనే పాటల ప్లేయర్‌లో వాసాపి ఎక్స్‌క్లూజివ్ (విండోస్ మిక్సర్‌ని దాటేసి నేరుగా డబ్బాకి పంపే పద్ధతి) పెడితే ఏ ఫైలు దాని సొంత రేటుకే వెళ్తుంది. 192 కిలోహెర్ట్జ్ లాంటి పెద్ద రేట్ల కోసం పాకులాడొద్దు. టకటకమని చిటుకులు వస్తే డబ్బా సెట్టింగుల్లో బఫర్ (ముందుగా నిల్వ చేసే శబ్దం) 512 శాంపిళ్లకి పెంచు; వినడానికి ఆలస్యం అడ్డం కాదు.

అన్నిటికంటే విసిగించేది హమ్, అంటే స్పీకర్లలో ఆగకుండా వచ్చే గుమ్మనే మోత. ల్యాప్‌టాప్ చార్జర్ పీకి చూడు. ఆగిపోతే అది ఎర్త్ లూప్: చార్జర్ ఎర్తూ ఆంప్లిఫయర్ ఎర్తూ సిగ్నల్ కేబుల్ ద్వారా కలిసి చుట్టు తిరుగుతున్నాయి. రెండింటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకి పెట్టు. అప్పటికీ పోకపోతే ఆర్‌సీఏ దారిలో ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ (సిగ్నల్‌ని పోనిచ్చి ఎర్త్ కలయికని తెంచే చిన్న పెట్టె) వెయ్యి. ఎర్త్ పిన్ను మాత్రం విరగ్గొట్టకు, షాక్ కొడుతుంది.

ఆన్ చేసేటప్పుడు ఆంప్లిఫయర్ చివర, ఆపేటప్పుడు మొదట. లేకపోతే ఆ ధబ్‌మనే దెబ్బ ట్వీటర్‌కి (స్పీకర్లో సన్నటి శబ్దాలు పలికే చిన్న భాగం) తగులుతుంది.

ఆంప్లిఫయర్ వెనక భాగం ఫొటో తీసి పంపు. ఏ ఇన్‌పుట్‌కి కలపాలో, ఎంత పొడవు కేబుల్ కావాలో చెబుతాను.

ఆశీస్సులతో,
మీ మామయ్య