‘నేను మొద్దునా అమ్మా?’

పాఠకుల ప్రశ్నలకు స్పెషల్ ఎడ్యుకేటర్, పిల్లల మానసిక నిపుణుల జవాబులు

ప్రశ్న: మా పాప మూడో తరగతి. డిస్లెక్సియా (అక్షరాలు గుర్తుపట్టి చదవడంలో ఇబ్బంది) ఉందని తేలాక స్కూల్లోనే వారానికి మూడు రోజులు స్పెషల్ టీచర్ దగ్గరికి పంపుతున్నారు. మొన్న ‘నేను మొద్దునా అమ్మా?’ అని అడిగింది. ‘ఛ, నీకేం లేదు, నువ్వు చాలా తెలివైనదానివి’ అన్నాను. అయినా మళ్లీ మళ్లీ అడుగుతోంది. ఏం చెప్పాలి?
– ఒక తల్లి, హనుమకొండ

జవాబు: మళ్లీ అడుగుతోందంటే మీ జవాబు తనకు చాల్లేదు. ఏమీ లేకపోతే క్లాసులో అంతమంది ఉండగా తననొక్కదాన్నే ఎందుకు లేపి తీసుకెళ్తున్నారు? అమ్మ ఏదో దాస్తోందనుకుంటుంది, దాస్తోందంటే అది పెద్దదే అయి ఉంటుందనుకుంటుంది.

ముందు మీరే అడగండి: ‘ఎవరైనా అలా అన్నారా, నీకే అనిపించిందా?’ ఎవరో అని ఉంటే అది టీచర్‌తో మాట్లాడి తేల్చుకోవాల్సిన సంగతి. తనకే అనిపించి ఉంటే ఈ నాలుగు ముక్కలు చాలు: ‘అక్షరం చూడగానే దాని శబ్దం గుర్తుకు రావడానికి నీకు ఎక్కువసేపు పడుతోంది. నువ్వు బద్ధకించి కాదు, తెలివి లేక కాదు. కొంతమంది పిల్లలకు అలా ఉంటుంది, వాళ్లకు వేరే పద్ధతిలో నేర్పాలి. ఆ పద్ధతి తెలిసిన టీచర్ కాబట్టి ఆవిడ దగ్గరికి వెళ్తున్నావు.’ డిస్లెక్సియా అన్న పేరూ చెప్పేయండి. మీరు గొంతు తగ్గించి ఫోన్లో అనడం ఎలాగూ విని ఉంటుంది.

తర్వాత కష్టం ఎక్కడుందో పుస్తకంలో వేలు పెట్టి చూపించండి. ‘మ, య కలిసిపోతున్నాయి. ప, వ కూడా. ఒత్తు రాగానే ఆగిపోతున్నావు. అదే కథ నేను చదివి వినిపిస్తే ఒక్క ముక్క వదలకుండా తిరిగి చెప్తావు.’ (చివరి మాట నిజమైతేనే అనండి. లేని గొప్ప అంటగడితే పిల్లలు ఇట్టే పట్టేస్తారు.) అప్పుడు కష్టం తన మొత్తానిది కాదు, ఫలానా చోటిదే అని తెలుస్తుంది.

‘చూపు సరిగా లేనివాళ్లకు కళ్లజోడు ఎలాగో, నీకు ఈ టీచర్ అలాగ’ అన్న పోలిక చాలామంది వాడతారు. ఐదారేళ్ల పిల్లలకు పనికొస్తుంది కానీ, జోడు పెట్టుకున్న రోజే బోర్డు కనిపిస్తుంది, చదవడం అలా రాదు. నెల తిరిగేసరికి ‘మరి నాకింకా రాలేదేం?’ అంటారు. చాలా నెలలు పడుతుందని మొదటే చెప్పండి. ‘నువ్వు స్పెషల్’ అన్న మాట మాత్రం వద్దు. చాలా స్కూళ్లలో పిల్లలు దాన్నే వెక్కిరింతకు వాడుతున్నారు.

ఇదంతా మార్కులొచ్చిన రోజునో, నిద్రపోయే ముందో ఎత్తకండి. బఠాణీలు ఒలుస్తూనో, బండి మీద వెళ్తూనో ఐదు నిమిషాల్లో ముగించండి. మళ్లీ అడిగితే అవే మాటలు చెప్పండి. జవాబు మారితే అనుమానం పెరుగుతుంది.

మాటలు ఎంత బాగున్నా, స్కూల్లో ఏర్పాటు సరిగ్గా లేకపోతే పిల్ల నమ్మదు. ఆటల పీరియడ్, డ్రాయింగ్ పీరియడ్‌లలో తనను తీసుకెళ్లొద్దని అడగండి. అలా తీసుకెళ్తే అది శిక్షలాగే ఉంటుంది. తలుపు దగ్గర నిలబడి పేరు పెట్టి పిలవకుండా, టైంటేబుల్ తన పుస్తకంలో అంటించి బెల్లు కొట్టగానే తనే వెళ్లేలా చూడమనండి. తిరిగొచ్చాక ఏ పేజీ నడుస్తోందో చూపించే పని పక్కనున్న పిల్లకు అప్పజెప్పమనండి. పాఠం మధ్యలో వచ్చి తెల్లమొహం వేసుకుని కూర్చునే ఆ ఐదు నిమిషాలే చాలామంది పిల్లలకు అన్నిటికన్నా కష్టం. ‘ఎక్కడికెళ్తున్నావ్?’ అని తోటివాళ్లు అడగడం ఖాయం. ‘చదవడం ప్రాక్టీస్ చేయడానికి’ అన్న జవాబు ఇంట్లో రెండు మూడుసార్లు ఆటలా అనిపించండి. ఒకసారి మీరు తనలా, తను ఆ పిల్లల్లా.

నెలకోసారి ఒకే పేజీ చదివించి ఫోన్లో రికార్డు చేసి పెట్టుకోండి. మూడో నెలలో మొదటిదీ తాజాదీ పక్కపక్కన వినిపిస్తే, మీరు మెచ్చుకోవడం కన్నా అది గట్టి రుజువు. బంధువుల వాట్సాప్ గ్రూపులో మాత్రం పెట్టకండి. ఇంట్లో సాధన రోజుకు పది, పదిహేను నిమిషాలు దాటొద్దు.

ప్రశ్న: మా బాబుకు నాలుగేళ్లు. మాటలు ఆలస్యమని స్పీచ్ థెరపీకి తీసుకెళ్తున్నాం. గది తలుపు దగ్గరే ఏడుపు మొదలుపెడతాడు. ఎలా సముదాయించాలి?
– ఒక తండ్రి, ఏలూరు

జవాబు: ‘డాక్టర్ దగ్గరికి’ అని చెప్పి తీసుకెళ్తుంటే ఆ మాట మానేయండి. ఆ వయసులో డాక్టరంటే ఇంజెక్షనే. ఎక్కే ఆటో, థెరపీ గది, తిరిగొచ్చాక ఇంటి గుమ్మం, ఈ మూడూ ఫొటోలు తీసి ముందురోజు సాయంత్రం ఒకసారి, బయల్దేరే ముందు ఒకసారి వరసగా చూపించండి. మూడో ఫొటోయే అసలైనది. ఇంటికి తిరిగొస్తామని మాటలకన్నా బొమ్మతో తొందరగా అర్థమవుతుంది.

మొదట్లో మిమ్మల్నీ లోపల కూర్చోనివ్వమని థెరపిస్టును అడగండి. ఏడుపు తగ్గాక కుర్చీ తలుపు దగ్గరికి, ఆ తర్వాత బయటికి జరపండి. వాడు బొమ్మల్లో పడ్డాక చెప్పకుండా జారుకోవద్దు. ఒక్కసారి అలా చేసినా తర్వాతి వారం మీ కాలు వదలడు. ఆకలి వేళ, నిద్ర వేళ కాకుండా టైం మార్పించుకోండి. ఇంటికి వచ్చాక ‘ఏం నేర్చుకున్నావ్, చెప్పు చెప్పు’ అని వెంటపడొద్దు. ‘సరిగ్గా మాట్లాడకపోతే థెరపీకి తీసుకెళ్తా’ అన్న బెదిరింపు ఇంట్లో ఎవరి నోటా రాకూడదు.

వినికిడి పరీక్ష చేయించారా? రాయలేదు. మాటలు ఆలస్యమైతే ముందు చూడాల్సింది చెవులే. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం అనే ప్రభుత్వ పిల్లల ఆరోగ్య పథకం కింద జిల్లా సత్వర చికిత్సా కేంద్రాల్లో పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ల వరకు ఉచితంగా చూస్తారు.

ప్రశ్న: మావాడు తొమ్మిదో తరగతి, సీబీఎస్ఈ. అభ్యసన వైకల్యం (చదవడం, రాయడం వంటివి నేర్చుకోవడంలో ఇబ్బంది) సర్టిఫికెట్ ఉంది. పరీక్షల్లో అదనపు సమయం తీసుకోనంటాడు, ‘అందరూ నవ్వుతారు’ అని.
– ఒక తల్లి, హైదరాబాద్

జవాబు: ఈ వయసులో బలవంతం పనిచేయదు, లెక్క పనిచేస్తుంది. ఒక యూనిట్ టెస్టు మామూలు సమయంలో, ఒకటి అదనపు సమయంతో రాయించి, రెండింటిలో ఎన్ని ప్రశ్నలు వదిలేశాడో తననే లెక్కపెట్టుకోమనండి. సీబీఎస్ఈలో గంటకు 20 నిమిషాల చొప్పున, మూడు గంటల పేపరుకు గంట అదనం. ప్రశ్న తోటివాళ్లకిచ్చిందే, దిద్దేదీ వాళ్లకు దిద్దినట్టే, పెరిగేది పేపరు చదివి రాసే వ్యవధి ఒక్కటే. ఇది ఎవరి దయా కాదు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో అభ్యసన వైకల్యమూ ఉంది.

నవ్వుతారన్న భయం నిజమే కావచ్చు. విడిగా గది ఇవ్వమని స్కూలును అడగండి. అందరితో పాటు ఉంటే బెల్లు కొట్టాక తనొక్కడే మిగిలిపోయి అందరి కళ్లలో పడతాడు. పదో తరగతికి కావాలంటే దరఖాస్తు స్కూలు ద్వారా ముందే వెళ్లాలి, హాల్ టికెట్లు వచ్చేదాకా ఆగకండి.

ప్రశ్న: పదేళ్ల మనవరాలు ఫిజియోథెరపీకి మండలంలోని భవిత కేంద్రానికి (ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపే కేంద్రం) వెళ్తుంది. చూడ్డానికి వచ్చినవాళ్లంతా దాని ఎదుటే ‘పాపం, ఎప్పటికి నడుస్తుందో’ అంటున్నారు. వాళ్ల నోరు మూయించలేం కదా?
– ఒక తాతగారు, మహబూబ్‌నగర్

జవాబు: మూయించక్కర్లేదండీ, మాట మళ్లించండి. ‘మా అమ్మాయి ఇక్కడే ఉంది, దాన్నే అడగండి’ అనండి చాలు, సగం మంది ఆగిపోతారు. వాళ్లు వెళ్లాక మనవరాలితో ‘ఆవిడ మాట నీకెలా అనిపించింది?’ అని అడగండి. నడుస్తావని మాత్రం మాటివ్వకండి. ఈ నెల ఏం సాధన చేస్తోందో, దేనికోసమో ఫిజియోథెరపిస్టునే దానికి నేరుగా చెప్పమనండి, మీకు కాదు.