యూనియన్ పని మొదలుపెడుతున్న చెల్లికి

అమ్మాయీ,

నీ ఉత్తరం అందింది. వికలాంగుల హోముల్లో, మానసిక ఆరోగ్య కేంద్రాల్లో పనిచేసే మీరంతా కలిసి జీతాల గురించి, మనుషుల కొరత గురించి గట్టిగా అడగాలనుకుంటున్నారని రాశావు. చదివి చాలా సంతోషపడ్డాను. "ముందు ఏం చెయ్యాలక్కా, ధర్నానా, వినతిపత్రమా?" అని అడిగావు. రెండూ కాదు. ముందు మీరు చూసుకునే మనుషుల దగ్గరికి వెళ్లు, వాళ్ల ఇంటివాళ్ల దగ్గరికి వెళ్లు.

ఎందుకో చెప్తాను. ఫ్యాక్టరీలో పని ఆపితే ఆగేది మెషీన్. మన దగ్గర ఆగేది ఒకరి స్నానం, ఒకరి మందులు, గదిలోంచి బయటికి రావడానికి భయపడే ఒకరితో రోజూ కూర్చుని మాట్లాడే ఆ అరగంట. ఈ సంగతి మనకంటే మేనేజ్‌మెంట్‌కి బాగా తెలుసు. అందుకే నోరు తెరిస్తే చాలు, "మీరు బయటికెళ్తే వాళ్ల గతేంటి? మీకు జాలి లేదా?" అంటారు. మనలో చాలామంది అక్కడే తల దించేస్తారు. జాలి ఉంది కాబట్టే ఇన్నేళ్లూ తక్కువ జీతానికి చేశాం, అదే జాలిని అడ్డం పెట్టి ఇంకా తక్కువకి చేయించుకుంటున్నారు. ఆ ప్రశ్న రాకముందే మీరు చూసుకునేవాళ్లే మీ పక్కన నిలబడి, "ముగ్గురుండాల్సిన చోట ఒక్కరుంటే మా గతేంటి?" అని అడగాలి. అప్పుడు మాట తిరగబడుతుంది.

అయితే మొదటిసారే సంతకాల కాగితం పట్టుకుని వెళ్లకు. వాళ్లు చెప్పేది వినడానికి వెళ్లు. వాళ్లకి మన మీద కోపాలు ఉంటాయి, అవి ఊరికే వచ్చినవి కావు. పెద్ద పెద్ద సంస్థల్ని మూసేసి వికలాంగుల్ని అందరి మధ్యా బతకనివ్వాలని ఉద్యమాలు నడిచినప్పుడు, ఉద్యోగాలు పోతాయన్న భయంతో కొన్నిచోట్ల యూనియన్లే అడ్డుపడ్డాయి. వికలాంగుల సంఘాలు దాన్ని మర్చిపోలేదు, మర్చిపొమ్మని అడిగే హక్కు మనకి లేదు. "మా గురించి, మేం లేకుండా ఏదీ వద్దు" అన్నది వాళ్ల నినాదం. మీ డిమాండ్లు రాసే రోజున వాళ్లని కూడా పిలిచి కూర్చోబెట్టుకో. రాసేశాక చూపించడం వేరు, రాసేటప్పుడు అడగడం వేరు.

అడిగితే ఏం వస్తుందో చూడు. చక్రాల కుర్చీలో ఉండే ఒకామెని "మా డ్యూటీల పద్ధతిలో నిన్ను బాగా ఇబ్బంది పెట్టేదేంటి?" అని అడుగు. "నన్ను ఏడింటికే పడుకోబెట్టేస్తారు" అంటుంది. నిద్ర వచ్చి కాదు. సాయంత్రం షిఫ్ట్ వాళ్లు దిగిపోతారు, రాత్రికి ఉండేది ఒక్క మనిషి, ఎత్తి మంచం మీద వెయ్యాలంటే ఇద్దరు కావాలి. కాబట్టి ఆ ఇద్దరూ ఉన్నప్పుడే ఆమెకి రాత్రి అయిపోవాలి. వయసొచ్చిన మనిషి వెలుగు పోకముందే దుప్పటి కప్పుకుని పైకప్పు చూస్తూ పడుకుంటుంది. ఆ ఒక్క మాటలోనే మీ డిమాండ్ ఉంది: పదింటి దాకా రెండో మనిషి. దానివల్ల ఆమె సాయంత్రం ఆమెకి దక్కుతుంది, ఒంటరిగా ఎత్తి నడుం విరగ్గొట్టుకునే బాధ మీకు తప్పుతుంది. ఇలాంటివి నాలుగు దొరికితే చాలు, ఇరవై డిమాండ్ల చిట్టా అక్కర్లేదు.

రెండో పని, లెక్క రాయడం. మన ఉద్యోగంలో సగం పని రిజిస్టర్‌లో కనపడదు. ప్రతి ఒక్కరి దగ్గరా ఒక చిన్న నోట్‌బుక్ ఉండాలి. నైట్ డ్యూటీ అయితే ఇలా రాయాలి: "11:40, కేక విని లేచాను, 25 నిమిషాలు పక్కన కూర్చున్నాను. 1:15, పక్క తడిసింది, మార్చాను, ఒక్కదాన్నే ఎత్తాను. 3:30, తలుపు దగ్గర నిలబడ్డారు, మాట్లాడి పడుకోబెట్టాను. పొద్దున రావాల్సిన మనిషి గంట లేటు, అప్పటిదాకా నేనే." అంతే, వ్యాఖ్యానాలు వద్దు. మీరు చూసుకునే మనిషి పేరు రాయొద్దు, గది నంబరు రాయొద్దు, జబ్బు సంగతి అసలే రాయొద్దు. ఫొటోలు తియ్యొద్దు. కేస్ ఫైల్లోంచి ఒక్క కాగితం కూడా బయటికి రాకూడదు, వాట్సాప్ గ్రూపులో ఎవరైనా పెడితే వెంటనే తీయించు. వాళ్ల గోప్యత పోతే ఆ ఇంటివాళ్ల నమ్మకం పోతుంది, పైగా మీలో ఒకరి ఉద్యోగం తీసెయ్యడానికి మేనేజ్‌మెంట్ చేతికి కారణం అందించినట్టవుతుంది.

ఈ నోట్‌బుక్ ఎంత ముఖ్యమో రెండు కేసులు చెప్తాను. న్యూజిలాండ్‌లో వికలాంగుల ఇళ్లలో రాత్రిళ్లు అక్కడే పడుకుని డ్యూటీ చేసేవాళ్లకి ఒక రాత్రికి 34 డాలర్లు ఇచ్చేవారు. ఫిలిప్ డిక్సన్ అనే కార్మికుడు యూనియన్ అండతో కోర్టుకి వెళ్లాడు. అక్కడి కోర్టులు మూడు విషయాలు చూశాయి: ఆ రాత్రి అతని స్వేచ్ఛ మీద ఎంత కట్టడి ఉంది, అతని మీద ఎంత బాధ్యత ఉంది, దానివల్ల యాజమాన్యానికి ఎంత లాభం. 2011లో అప్పీలు కోర్టు ఆ రాత్రంతా పనే అని చెప్పింది, ఆ గంటలకి కనీస వేతనం ఇవ్వాల్సిందే అంది. అదే ఏడు ప్రభుత్వం ఆ బాకీలు తేల్చడానికి చట్టం కూడా తెచ్చింది. బ్రిటన్‌లో దాదాపు ఇలాంటి కేసే సుప్రీంకోర్టు దాకా వెళ్లి 2021 మార్చిలో ఓడిపోయింది. పడుకోవడానికి అనుమతి ఉన్న గంటలకి కనీస వేతనం రాదు, లేచి పని చేసిన సమయానికే వస్తుందని తీర్పు. ఆ కేసు వేసిన కార్మికురాలు 16 నెలల్లో లేవాల్సి వచ్చింది ఆరుసార్లేనని రికార్డయి ఉంది. చెవి అటే పెట్టుకుని సగం నిద్రలో గడిపిన రాత్రులు ఆ లెక్కలోకి రాలేదు.

అందుకే లేచిన గంటలు రాస్తే సరిపోదు. ఆ రాత్రి నువ్వు ఏం చెయ్యలేకపోయావో కూడా రాయి: బయటికెళ్లే వీల్లేదు, పిల్లలు ఇంట్లో ఒంటరిగా ఉన్నారు, ఫోన్ పక్కన పెట్టుకోవాలి, ఏం జరిగినా జవాబు చెప్పాల్సింది నువ్వే. ఇంకో మాట. ఒకచోట గెలిచిన వాదన ఇంకోచోట ఓడిపోవచ్చు. చట్టం తెలిసిన మనిషిని ముందే అడుగు, కానీ కోర్టు తీర్పు కోసం ఉద్యమాన్ని ఆపుకుని కూర్చోకు.

మూడోది, ఎవరిని అడగాలి? మీకు జీతం ఇచ్చేది ఒక సంస్థ, ఆ సంస్థకి డబ్బిచ్చేది చాలావరకు ప్రభుత్వమో, బీమానో, దాతలో. సంస్థ మేనేజర్ని నిలదీస్తే "మాకే రావట్లేదమ్మా, మీకెక్కణ్ణుంచి తెచ్చేది" అంటాడు. కొన్నిసార్లు అది నిజమే. అప్పుడు అతనితో తగువు పెట్టుకోకుండా, డబ్బు ఎక్కణ్ణుంచి వస్తుందో అక్కడికి మీ ప్రచారాన్ని తీసుకెళ్లాలి. న్యూజిలాండ్‌లోనే క్రిస్టీన్ బార్ట్‌లెట్ అని ఒకామె వృద్ధుల హోంలో ఇరవై ఏళ్లకి పైగా పనిచేసి కూడా గంటకి 14.46 డాలర్లే తీసుకునేది. ఇంత నైపుణ్యం, ఇంత శ్రమ ఉన్న పని మగవాళ్లు ఎక్కువగా చేసేదైతే ఇంతే ఇచ్చేవారా అని యూనియన్‌తో కలిసి 2012లో కేసు వేసింది. కోర్టులు ఆమె వైపు మొగ్గాక ప్రభుత్వమే చర్చలకి వచ్చింది. 2017లో ఒప్పందం కుదిరింది: దాదాపు 55,000 మందికి ఐదేళ్లలో సుమారు 200 కోట్ల డాలర్లు. హోం యజమాని మీద మొదలైన కేసు, చివరికి ఖజానా తాళం తీయించింది.

కానీ అందులో ఇంకో సంగతి ఉంది, అది నీకు బాగా పనికొస్తుంది. ఆ ఒప్పందం వృద్ధుల, వికలాంగుల సేవల్లో ఉన్నవాళ్లకే వర్తించింది. మానసిక ఆరోగ్య, వ్యసన విముక్తి కేంద్రాల్లో అదే పని చేసే సహాయకులు బయట ఉండిపోయారు. మళ్లీ పోరాడితే 2018లో వాళ్లనీ చేర్చి, 2017 జూలై నుంచే లెక్కగట్టి ఇచ్చారు. కాబట్టి మీ డిమాండ్ పత్రంలో ఆయా, అటెండర్, కేర్‌టేకర్, కౌన్సెలర్, డ్రైవర్, కాంట్రాక్టు మనిషి, ఏజెన్సీ ద్వారా వచ్చే మనిషి, ఎవరి పేరూ వదలకుండా రాయించు. పర్మనెంట్ వాళ్లు "ముందు మా సంగతి తేలనీ" అంటారు. ఒప్పుకోకు. కాంట్రాక్టు వాళ్లని వదిలేస్తే, రేపు మీరు పని ఆపిన రోజున మీ బదులు డ్యూటీకి దింపేది వాళ్లనే.

ఇప్పుడు దెబ్బల సంగతి. దీని గురించి జాగ్రత్తగా మాట్లాడమని నీకు మరీ మరీ చెప్తున్నాను. మన దగ్గర కొట్టించుకోవడం, కొరికించుకోవడం ఉంది. "ఈ ఉద్యోగంలో ఇది మామూలే" అని దాన్ని కొట్టిపారేస్తారు. మామూలు కాదు. పని చోట హింస మీద అంతర్జాతీయ కార్మిక సంస్థ 2019లో 190వ నంబరు ఒడంబడిక తెచ్చింది, అది 2021లో అమల్లోకి వచ్చింది. బయటివాళ్ల వల్ల జరిగే హింస కూడా దాని పరిధిలోకి వస్తుంది. మీ దేశం దాన్ని ఆమోదించిందో లేదో కనుక్కుని, ఆమోదించి ఉంటే మీ పత్రంలో ఉదహరించు. ప్రతి సంఘటనకీ ఇన్సిడెంట్ రిపోర్ట్ రాయించు, ఒక కాపీ దగ్గర పెట్టుకోనివ్వమని అడుగు.

పోస్టర్ మీద మాత్రం కమిలిపోయిన ముఖం ఫొటో వెయ్యకు. మానసిక జబ్బు ఉన్నవాళ్లు ఇతరుల్ని కొట్టడం కంటే దెబ్బలు తినడమే ఎక్కువ. ఆ బొమ్మ చూసినవాళ్లకి మీ కష్టం గుర్తుండదు, "వీళ్లు ప్రమాదకరం" అన్నదే గుర్తుంటుంది. రేపు ఆ మనిషికి అద్దె ఇల్లు దొరకదు, ఉద్యోగం దొరకదు. మనుషులు తక్కువైనప్పుడే వార్డులో కట్టెయ్యడం, తాళం వెయ్యడం పెరుగుతుంది, ఆ భయంతోనే చెయ్యి లేస్తుంది. కాబట్టి సరిపడా సిబ్బంది, శిక్షణ, అలారం, దెబ్బ తగిలినవాళ్లకి జీతంతో సెలవు, తర్వాత కూర్చోబెట్టి మాట్లాడే మనిషి, ఇవి అడుగు. టెన్షన్ తగ్గడానికి యోగా క్లాస్ పెడతాం అంటే వద్దనకు, కానీ డిమాండ్ల లెక్కలో అది కలపనివ్వకు.

సమ్మె గురించి అడిగావు. ఆసుపత్రుల్లాంటి చోట సమ్మె మీద చాలా దేశాల్లో ఆంక్షలున్నాయి, నోటీసు గడువులున్నాయి. మీ చట్టం చూసుకోకుండా ఒక్క అడుగూ వెయ్యకు. సమ్మెకి ముందు మెట్లు చాలా ఉన్నాయి: బ్యాడ్జీలు పెట్టుకోవడం, ఓవర్‌టైమ్ మానెయ్యడం, బిల్లులకి సంబంధించిన కాగితాల పని ఆపడం. దెబ్బ యాజమాన్యానికి తగలాలి కానీ మంచం మీద మనిషికి తగలకూడదు. సమ్మె తప్పకపోతే, రాత్రి ఎవరుంటారు, మందులెవరిస్తారు అన్న జాబితా మీరే రాసి ముందుగా అందరికీ ఇవ్వండి. 2022లో ఉత్తర కాలిఫోర్నియాలో 2,000 మందికి పైగా మానసిక చికిత్సకులు పది వారాలు సమ్మె చేశారు. వాళ్లు ప్రధానంగా ఎత్తిన ప్రశ్న, రోగి ఒకసారి వచ్చి వెళ్లాక మళ్లీ అపాయింట్‌మెంట్‌కి ఎన్ని వారాలు ఆగాలి అన్నది. అంతకు ముందు ఏడే, మళ్లీ చూడాల్సినవాళ్లని పది పనిదినాల్లోపు చూడాలని అక్కడ చట్టం వచ్చింది, దాని వెనక కూడా వాళ్ల యూనియనే ఉంది. జీతం మాట కూడా ఉంది, కానీ జనానికి వినపడింది ఆ ప్రశ్న.

చందా ఎంత చిన్నదైనా రసీదు ఇవ్వు, నెలకోసారి లెక్క అందరి ముందూ చదువు. మీటింగులు డ్యూటీ మారే గంటలో, ఇరవై నిమిషాలకి మించకుండా పెట్టు. ఇళ్లకి వెళ్లి పనిచేసేవాళ్లు ఒకరికొకరు కనపడనే కనపడరు, వాళ్లకి ఫోన్ చెయ్యడానికే ఒక మనిషిని పెట్టు.

చర్చలకి ఒక్కదానివే వెళ్లకు, ఎప్పుడూ ముగ్గురు వెళ్లండి, ఒకరు రాసుకోవాలి. ఒప్పందం వచ్చాక "సానుకూలంగా పరిశీలిస్తాం" అన్న ముక్క ఎక్కడున్నా కొట్టేయించి, ఏ తేదీ నుంచి, ఏ షిఫ్ట్‌లో, ఎంతమంది అని రాయించు. అమలు కాకపోతే ఎవరికి ఫిర్యాదు చెయ్యాలి, ఎన్ని రోజుల్లో జవాబివ్వాలి అన్నది కూడా అందులోనే ఉండాలి. సంతకం పెట్టేముందు నైట్ డ్యూటీ వాళ్లతో సహా అందరికీ చదివి వినిపించు, వాళ్లు ఒప్పుకున్నాకే పెట్టు. డ్రాఫ్ట్ తయారయ్యాక నాకు పంపు, చూస్తాను.

నీ అక్క