ముందు ప్రాంప్ట్ కాపీ పట్టుకో

అమ్మాయీ,

నీ నాటిక అందింది. మాటలు రాయడంలో నీకు మంచి చెవి ఉంది. ధర్మవరంలో మగ్గం గుంతలో కూర్చున్న మనిషి ఎట్లా మాట్లాడతాడో అట్లాగే మాట్లాడించావు. దీన్ని పరిషత్తు నాటక పోటీలకు పంపమంటారా అని అడిగావు. ఇప్పుడే వద్దు. దానికంటే ముందు వేరే ఎవరి నాటకానికైనా స్టేజి మేనేజర్‌గా పని చెయ్యి. రిహార్సల్ మొదటి రోజు నుంచి, ప్రదర్శన ముగిసి సెట్ తిరిగి బండెక్కేదాకా.

ఎందుకంటున్నానో నీ మూడో రంగం చూస్తే తెలుస్తుంది. వాన కురుస్తోంది. ఇల్లు కారి మగ్గం మీద నీళ్లు పడుతున్నాయి. తల్లి తడిసిన చీరతో లోపలికి పోతుంది. కొడుకూ కోడలూ నాలుగు మాటలు అనుకుంటారు. అంతలోనే తల్లి పట్టుచీర కట్టుకుని పెళ్లికి బయల్దేరుతూ వస్తుంది. ఆ నాలుగు మాటలూ పైకి చదివి గడియారం చూడు. ఇరవై సెకన్లు దాటవు. ఆ కాస్త టైములో తడిచీర విప్పి పట్టుచీర కట్టించడం ఎవరి వల్లా కాదు. స్టేజి మీద పడ్డ నీళ్లు ఎవరు తుడుస్తారు? తుడవకపోతే ఆ తల్లి వేషం వేసినావిడ జారి పడుతుంది. రాసుకునే బల్ల దగ్గర ఇవేవీ తట్టవు. సైడ్ వింగ్‌లో, అంటే స్టేజి పక్కన జనానికి కనపడని చోట నిలబడి ఒక నాటకాన్ని మొదటి నుంచి చివరిదాకా నడిపిస్తే, ఇక జీవితాంతం తట్టకుండా ఉండవు.

మన సమాజాల్లో ఈ పనికంటూ ఒక మనిషి ఉండడం తక్కువ. తెర లేచే ముందు మైకులో రచన, దర్శకత్వం, సంగీతం, రంగాలంకరణ, ఆహార్యం అని పేర్లు చదువుతారు. వింగ్‌లో నిలబడి అన్నీ చూసుకునే మనిషి పేరు అందులో చాలాసార్లు వినపడదు. దర్శకుడే ఒక వేషం వేస్తూ, మధ్యమధ్యలో లైట్ల అబ్బాయికి సైగలు చేస్తుంటాడు. ఇది మంచి పద్ధతి కాదని నా గట్టి అభిప్రాయం. రిహార్సల్ దర్శకుడిది. తెర లేచాక మాత్రం నాటకం ఒక్కరి చేతిలోనే ఉండాలి, ఎంత పెద్ద నటుడైనా ఆ ఒక్కరి మాట వినాలి.

పని ప్రాంప్ట్ కాపీతో, అంటే నాటకం నడపడానికి గుర్తులన్నీ రాసుకునే స్క్రిప్టుతో మొదలవుతుంది. స్క్రిప్టును కాగితానికి ఒక వైపే ప్రింటు తీయించు. పెద్ద ఫైల్లో పెట్టుకో. అప్పుడు ప్రతి డైలాగు పేజీకి ఎదురుగా ఒక ఖాళీ పేజీ ఉంటుంది. ఆ ఖాళీ పేజీలో స్టేజి బొమ్మ చిన్నగా గీసుకుని, ఎవరు ఎక్కడి నుంచి వచ్చారు, ఏ మాట మీద లేచారు, ఎటు నడిచారు అన్నది రాసుకో. పెన్సిల్‌తోనే రాయి, దర్శకుడు రేపు మారుస్తాడు. పాత్రల పేర్లకు మొదటి అక్షరం చాలు, నడకకు ఒక బాణం గుర్తు చాలు. కానీ ఆ గుర్తులు నీకొక్కదానికే అర్థమయ్యేట్టు ఉండకూడదు. నీకు జ్వరం వస్తే ఇంకొకరు ఆ ఫైలు తెరిచి నాటకం నడపగలగాలి.

ఎడమ, కుడి అన్నవి నటుడివి, ప్రేక్షకుడివి కావు. నటుడు జనం వైపు తిరిగి నిలబడితే ఆయన కుడిచెయ్యి వైపు స్టేజి కుడి. జనానికి దగ్గరగా ఉండేది డౌన్ స్టేజ్, వెనక తెర వైపుది అప్ స్టేజ్. రిహార్సల్ గదిలో నేల మీద సెట్ కొలతలు టేపుతో గీసెయ్యి. గుమ్మం ఎక్కడో, మగ్గం ఎక్కడో మొదటి వారం నుంచే నటుల కాళ్లకు తెలియాలి. మన లలిత కళాపరిషత్ స్టేజి మీద సరిపోయిన సెట్ కర్నూలు టీజీవీ కళాక్షేత్రంలోనూ అట్లాగే సరిపోతుందని అనుకోకు. ఎక్కడికి వెళ్లినా వెడల్పు, లోతు, వింగ్‌ల మధ్య జాగా, ప్లగ్ పాయింట్లు ముందుగా కనుక్కో. పరిషత్తు పోటీల్లో ఒకే రోజు ఒకదాని వెనక ఒకటి నాటకాలు ఉంటాయి, సెట్ వేసుకోవడానికి ఇచ్చే టైము కొద్దిగానే ఉంటుంది. అక్కడికి పోయి కొలుచుకుంటామంటే కుదరదు.

రాసేవాళ్లకు ఈ పనిలో అన్నిటికంటే ఎక్కువ లాభం ఎక్కడో చెబుతాను. రిహార్సల్లో నటులు డైలాగు మర్చిపోతే అందించేది నువ్వే. అందుకు కళ్లు కాగితం మీద, చెవులు నటుడి మీద ఉండాలి. అతను మర్చిపోయి ఆగాడా, కావాలనే ఆగాడా అన్నది మొదట్లో నీకు తెలియదు. కావాలని ఆగినప్పుడు నువ్వు మాట అందిస్తే ఆ మౌనం చచ్చిపోతుంది. మర్చిపోయినప్పుడు ఆలస్యం చేస్తే అతని ముఖంలో భయం కనపడుతుంది. కొన్నాళ్లకు ఊపిరి తీసుకోవడంలోనే తేడా పట్టుకోగలుగుతావు. ఆగిన ప్రతి చోటా పక్కన చిన్న గీత పెట్టుకుంటూ పో. పదిహేను రోజుల తర్వాత ఆ గీతలు చూడు. ఒక్క గీతే ఉన్నచోట తప్పు నటుడిది. కానీ ఒకే మాట దగ్గర వరసగా గీతలుంటే, ఇద్దరు ముగ్గురు నటులు మారినా అక్కడే తడబడుతుంటే, తప్పు ఆ వాక్యానిది. అది నోటికి పలకదు, లేదా ముందు మాటకు అది జవాబు కాదు. అంతకంటే నిజాయితీ ఉన్న విమర్శ నీకు ఏ పత్రికలోనూ దొరకదు. నీకు ప్రాంప్ట్ కాపీ ఇప్పించాలని నేను ఇంతగా పట్టుబట్టేది ఎక్కువగా దీనికోసమే.

ప్రతి రంగానికీ స్టాప్‌వాచ్ పెట్టు. ఫోన్లో ఉన్నదే చాలు. తేదీ వేసి నిమిషాలు రాసుకో. నిన్న పన్నెండు నిమిషాలు పట్టిన రంగం ఈరోజు పద్నాలుగైతే ఎక్కడ పెరిగిందో దర్శకుడికి చెప్పాలి. నటులు భావంలో మునిగితే టైము సాగుతుంది, వాళ్లకు అది తెలియదు. పరిషత్తుల్లో టైము నిబంధన ఉంటుంది కాబట్టి ఇది చిన్న విషయం కాదు.

ఇక వస్తువులు. వింగ్‌లో ఒక బల్ల మీద తెల్ల కాగితం పరిచి, ప్రతి వస్తువుకూ దాని చోటు గీసి, పేరు రాయి. ఉత్తరం, కళ్లజోడు, మందు సీసా, పట్టుచీర పెట్టె. అప్పుడు ఏది లేకపోయినా ఆ ఖాళీ గడి కంటికి కనపడుతుంది. నాటకానికి ముందొకసారి, అయ్యాక ఒకసారి సరిచూడు. నీ నాటికలో తండ్రి సంగటి ముద్ద తింటూ అప్పుల లెక్క అంతా చెబుతాడు. సంగటి నోట్లో ఉంటే మాట రాదు. తీసేయమని నేననను, మన ఇళ్లలో లెక్కలు తినేటప్పుడే తేలుతాయి. ఏ మాట తర్వాత ముద్ద నోట్లో పెట్టాలి, ఎంత చిన్న ముద్ద, పక్కన మంచినీళ్లు ఉన్నాయా అన్నది నటుడితో కూర్చుని తేల్చుకోవాలి. నాటకం రోజు ఆ సంగటి ఎవరు చేస్తారు, ఎన్ని గంటలకు తెస్తారు అన్నది కూడా నీ కాగితంలో ఉండాలి.

చివర్లో ఒక వేటకొడవలి పెట్టావు. సీమ కథ అనగానే కొడవలి రావాలన్న నియమం లేదమ్మా, నీ మగ్గం కథకు దాని అవసరం అసలు లేదు. అయినా ఏ నాటకంలోనైనా అది ఉంటే చెక్కతో చేయించి వెండి కాగితం అంటించాలి. నటుడి చేతికి నువ్వే ఇవ్వాలి, నువ్వే తీసుకోవాలి, మిగతా టైమంతా తాళం వేసిన పెట్టెలో ఉండాలి. లాంతరుకు బ్యాటరీ బల్బు పెట్టు. తెరల దగ్గర నిజమైన మంట వద్దు. తప్పదంటే ఇసుక బకెట్, తడి గోనె పక్కనే ఉండాలి, వాటి దగ్గర ఒక మనిషి ఉండాలి. చీకట్లో నడిచే దారిలో వైర్లన్నీ టేపుతో నేలకు అంటించు. మెట్టు అంచున చీకట్లో మెరిసే టేపు ఒక ముక్క వేస్తే ఎవరి కాలూ విరగదు.

లైటు, సౌండు ఎప్పుడు మారాలన్నది నువ్వు చెప్పాలి. లైట్లకు అంకెలు, సౌండ్‌కు అక్షరాలు పెట్టుకో, అప్పుడు రెండూ కలగలవవు. ‘వాన మొదలవుతుంది’ అని రాసుకుంటే చాలదు. ఏ మాటలో ఏ అక్షరం మీద మొదలవుతుందో ఆ అక్షరం కింద గీత గియ్యి. దానికి అర పేజీ ముందు ‘రెడీ’ అని రాసుకో. ఆపరేటర్‌కు ‘లైట్ 14 రెడీ’ అంటావు, అతను ‘రెడీ’ అనాలి, ఆ అక్షరం రాగానే ‘గో’ అంటావు. నాటకం నడుస్తున్నంతసేపూ ‘గో’ అన్న మాట వేరే దేనికీ వాడకూడదు, వింటే అతని చెయ్యి కదిలిపోతుంది. నటులు లేకుండా, ఉన్నా డైలాగులన్నీ చెప్పించకుండా, లైటు మారే చోటు నుంచి లైటు మారే చోటుకు దూకుతూ ఒక పూట రిహార్సల్ చేయించు. అందరికీ విసుగొస్తుంది. అయినా చేయించు.

నీలాంటివాళ్లకు నేను సురభి నాటక సంస్థ గురించి ఎందుకు చెబుతుంటానంటే, వాళ్లు ఇదంతా ఇంట్లో పని లాగే నేర్చుకున్నారు. 1885లో మన కడప జిల్లా సురభి ఊళ్లో కీచకవధ ఆడారు, వనారస గోవిందరావు ఆ సంస్థను నిలబెట్టారు. ఈరోజు వేషం కట్టినవాళ్లే రేపు తెర లాగుతారు, తాడు పట్టుకుంటారు. మాయాబజార్‌లో బాణాలు గాల్లో ఎదురెదురుగా వచ్చి ఢీకొంటుంటే జనం చప్పట్లు కొడతారు. పక్కన తాడు పట్టుకున్న మనిషి ఒక్క క్షణం తప్పినా ఆ చప్పట్లు ఉండవు. రచయితల్లో చూస్తే, ధర్మవరం రామకృష్ణమాచార్యులు గారు 1886లో బళ్లారిలో సరసవినోదినీ సభ పెట్టారు. రాసిందీ ఆయనే, ఆడిందీ ఆయనే, సమాజాన్ని నడిపిందీ ఆయనే. ఆ రోజుల్లో రాసేవాడికీ స్టేజికీ మధ్య దూరం లేదు. ఇప్పుడు వాట్సాప్‌లో స్క్రిప్టు పంపి, ప్రదర్శన రోజు ముందు వరసలో కూర్చోవడం అలవాటైంది. ఇది నన్ను నిజంగా బాధపెడుతోంది.

ప్రదర్శన రోజు సంగతి. ఇంగ్లండు థియేటర్లలో తెర లేవడానికి 35 నిమిషాల ముందు ‘హాఫ్’ అని పిలుస్తారు, 20 నిమిషాల ముందు ‘క్వార్టర్’, 10 నిమిషాల ముందు ‘ఫైవ్’. సరిగ్గా 5 నిమిషాల ముందు ‘బిగినర్స్’, అంటే మొదటి రంగంలో ఉన్నవాళ్లు స్టేజి మీదికి రావాలి. పద్ధతి చాలా బాగుంది, మనం తీసుకోవచ్చు. కానీ మన దగ్గర తెర ఎప్పుడు లేస్తుందో తేల్చేది గడియారం కాదు. జ్యోతి ప్రజ్వలన, ముఖ్య అతిథి ప్రసంగం, శాలువాలు, ఫొటోలు అన్నీ అయ్యాకే మన వంతు. అందుకని నిర్వాహకుల దగ్గర మన మనిషిని ఒకరిని కూర్చోబెట్టు. ఇంకా ఇద్దరు మాట్లాడాలి అని అతను కబురు చేస్తే అప్పుడు లెక్క మొదలుపెట్టు. లేకపోతే నటులు గంట ముందే గడ్డాలు అంటించుకుని చెమటతో ఊడగొట్టుకుంటారు, మన ఊరి వేసవిలో మరీను. కరెంటు పోతే ఏం చేయాలో ముందే అందరికీ చెప్పు: ఎక్కడివాళ్లు అక్కడే ఆగాలి, జనరేటర్ పడ్డాక ఏ డైలాగు నుంచి ఎత్తుకోవాలో నువ్వు అందిస్తావు.

పెద్ద నటులతో ఎలా మాట్లాడాలి అని నీకు టెన్షన్ ఉంటుంది. గౌరవంగా, పొట్టిగా. ‘సార్, పది నిమిషాలు’ అంటే ఆయన ‘పది నిమిషాలు’ అని తిరిగి అనేదాకా అక్కడే నిలబడు. ఏం జరిగినా వింగ్‌లో గొంతు పెంచకు. నీ ముఖం చూసే వాళ్లు ధైర్యం తెచ్చుకుంటారు. ప్రదర్శన అయ్యాక ఆ రాత్రే ఒక పేజీ రాసిపెట్టు: ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు ముగిసింది, ఏ లైటు ఆలస్యమైంది, ఏ వస్తువు విరిగింది, జనం ఎక్కడ నవ్వారు. జనం నవ్విన చోట్లు మాత్రం నీకోసం ఇంకో కాపీ తీసుకో.

వచ్చే సోమవారం నుంచి మావాళ్లు కొత్త నాటిక రిహార్సల్ మొదలుపెడుతున్నారు, సాయంత్రం ఆరింటికి. ప్రాంప్ట్ చేసే మనిషి కావాలని దర్శకుడు అడిగాడు, నీ పేరు చెప్పాను. ఆరింటికంటే అరగంట ముందు రా, గది ఊడ్చి నేల మీద టేపు వేయాలి. పెన్సిళ్లు, రబ్బరు, కొలత టేపు తెచ్చుకో. రాత్రి ఆలస్యమవుతుందని ఇంట్లో చెప్పు, కావాలంటే మీ నాన్నగారితో నేను మాట్లాడతాను. నీ మూడో రంగాన్ని ఈలోగా ముట్టుకోవద్దు. మావాళ్ల నాటిక ప్రదర్శన అయ్యాక మనిద్దరం కూర్చుని చూద్దాం.

ఆశీస్సులతో,
నీ మాస్టారు
అనంతపురం