ప్రభు బల్ల గ్లాసులు కడగడాన్ని పదకొండు నిమిషాలు తీశాను

మీరు అడిగింది ఇది: క్రైస్తవ కుటుంబంలో పుట్టారు, హైదరాబాదులో చిత్రకళ చదువుతున్నారు. ఏసు జీవితకథ గానీ పాటల వీడియో గానీ కాకుండా, విశ్వాసం గురించి ఒక ప్రయోగాత్మక చిత్రం తీయాలని ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి, చర్చి సంఘంలో ఒప్పుకుంటారా?

రెండో దానికి ముందు జవాబు చెప్తాను. కొందరు ఒప్పుకోరు. సిద్ధపడి ఉండండి.

నేను సికింద్రాబాదులో ఒక చిన్న సంఘంలో పెరిగాను. బతుకుతెరువుకు పెళ్లి వీడియోలు ఎడిటింగ్ చేస్తాను. నా మొదటి ప్రయత్నంలో ఒక మనిషి దుంగ మోస్తూ ట్యాంక్‌బండ్ మీద నడుస్తాడు. నలుపు తెలుపు, స్లో మోషన్, వెనక వయొలిన్. అన్నీ ఉన్నాయి! సంఘంలో చప్పట్లు కొట్టారు. సినిమాలు బాగా చూసే మిత్రుడు మాత్రం, "ఇది నీకు తెలిసిన సంగతేనా, ఎక్కడో చూసిన సంగతా?" అన్నాడు. రెండు రోజులు అతనితో మాట్లాడలేదు. మనలో చాలామందికి ఏసు అనగానే 1978లో వచ్చిన ‘కరుణామయుడు’లోని విజయచందర్ ముఖమే గుర్తొస్తుంది. ఊరూరా తెర కట్టి చూపించిన సినిమా అది. మా నాయనమ్మ కళ్లు మూసుకుని ప్రార్థన చేస్తే ఆమెకు కనబడింది ఆ ముఖమే అనుకుంటాను. దాన్ని తక్కువ చేయడం లేదు. నా దుంగ మోసే మనిషి దానికి అరువు నీడ, అంతే.

మా సంఘంలో నెలలో మొదటి ఆదివారం ప్రభు బల్ల, అంటే ఏసు చివరి విందు జ్ఞాపకంగా రొట్టె, ద్రాక్షరసం పంచుకోవడం. ఆరాధన ముగిశాక స్త్రీల సమాజం వాళ్లు వెనక కుళాయి దగ్గర కూర్చుని గ్లాసులు కడుగుతారు. బొటనవేలంత గాజు గ్లాసులు. అడుగున ద్రాక్షరసం ఎర్రటి చుక్కగా మిగిలి ఉంటుంది. నీళ్లు పడగానే అది గులాబీ రంగుకు తిరిగి, సిమెంటు గట్టు మీదుగా పారి, కాలువ చేరేలోపే రంగు పోగొట్టుకుంటుంది. రెండోసారి తీసింది ఇదే. కెమెరాను పీట మీద పెట్టాను. పదకొండు నిమిషాలు, కోత లేదు, ముఖాలు లేవు. చేతులు, నీళ్ల చప్పుడు, ట్రేలో గ్లాసు తగిలిన శబ్దం, మధ్యలో ఎవరో సగం పాడి ఆపేసిన కీర్తన.

హాల్లో దుప్పటి కట్టి చూపించాను. నాలుగో నిమిషానికి కుర్చీలు కిర్రుమన్నాయి. "కథ ఎప్పుడు మొదలవుతుంది బాబూ?" అని వెనక నుంచి ఎవరో అడిగారు. ఒక సంఘ పెద్ద చాలా మర్యాదగా, "ఇందులో సువార్త ఎక్కడుంది?" అన్నారు. నేను నీళ్లు నమిలాను. అంతా వెళ్లిపోయాక, ముప్ఫై ఏళ్లుగా ఆ గ్లాసులు కడుగుతున్న పెద్దామె నా దగ్గరికి వచ్చింది. "నాయనా, చివర్లో సర్దిన ట్రేలో మూడో వరసన ఒక గ్లాసు అంచు పగిలి ఉంది. కడిగేటప్పుడు నాకు కనబడలేదు. ఎవరి పెదవైనా తెగితే?" తర్వాతి నెల ట్రేలో ఆ గుంట ఖాళీగా ఉంది.

అందుకే అడుగుతున్నాను, మీ సంఘంలో మీకు మాత్రమే దగ్గరగా తెలిసిన పని ఏది? కానుకల సంచి కుట్టేవాళ్లు ఉంటారు, గంట తాడు మార్చేవాళ్లు ఉంటారు. అక్కడ మొదలుపెట్టండి. సిలువ ఆకారం కోసం కిటికీ ఊచల్లో, కరెంటు స్తంభాల్లో వెతక్కండి. ఆ పని అందరూ చేసేశారు, నాతో సహా.

"బొమ్మలు మనకు కూడవు" అనేవాళ్లు ఎదురైతే బైబిల్లో నిర్గమకాండం తెరవండి. చెక్కిన విగ్రహం వద్దన్నది 20వ అధ్యాయం. అదే పుస్తకం 31వ అధ్యాయంలో దేవుడు తన ఆత్మతో నింపానని చెప్పింది బోధకుడి గురించి కాదు, బంగారం, వెండి, ఇత్తడి, చెక్క పని చేసే బెసలేలు గురించి. అప్పటికీ వినకపోతే మెదక్ తీసుకెళ్లండి. 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠించిన ఆ చర్చిలో క్రీస్తు పుట్టుక, సిలువ, ఆరోహణం రంగుటద్దాల కిటికీల్లో ఉన్నాయి. మబ్బు పడితే బొమ్మ మసకబారుతుంది, ఎండ వస్తే వెలుగుతుంది. రంగు గుండా వెలుతురు పంపి చూపించడం సినిమావాళ్ల పనే కదా.

లండన్‌లోని సెయింట్ పాల్స్ కెథెడ్రల్‌లో 2014లో అమెరికా కళాకారుడు బిల్ వియోలా వీడియో కళాఖండాన్ని పెట్టారు. నాలుగు తెరల మీద నలుగురు హతసాక్షులు, అంటే విశ్వాసం కోసం ప్రాణమిచ్చినవాళ్లు; ఒక్కొక్కరిని మట్టి, గాలి, నిప్పు, నీరు చుట్టుముడతాయి. మాట ఉండదు. ఇది చెప్తే మా పాస్టరు గారు, "అక్కడ కరెంటు పోదు కదయ్యా" అని నవ్వేశారు. కానీ ఆ తర్వాతే హాలు తాళం నా చేతికిచ్చారు.

ఇటలీ దర్శకుడు పాసొలీనీ 1964లో తీసిన మత్తయి సువార్త చిత్రం తప్పకుండా చూడండి. ఆయన నాస్తికుడు. నటులు కానివాళ్లతో తీశాడు, పెద్ద వయసు మరియగా సొంత తల్లినే పెట్టాడు. విశ్వాసం మనకుంది కాబట్టి మన సినిమా దానంతటదే బాగుంటుందన్న భ్రమ నాకు అక్కడే పోయింది.

మోకరించి ఏడుస్తున్నవాళ్లను మాత్రం తీయకండి, అనుమతి ఇచ్చినా సరే. నేను ఒకసారి తీసి, ఇంటికి వెళ్లి చెరిపేశాను.

ఇప్పుడు చేర్యాల నకాషీ పటం వెంట పడ్డాను. పొడవాటి ఖాదీ గుడ్డ, వరస వెంట వరసగా బొమ్మలు, విప్పుతూ కథ చెప్పేవాళ్లు. ప్రొజెక్టర్ రాకముందే మనకున్న రీలు అది. అలా ఒక గుడ్డ మీద, ఇల్లు విడిచి వెళ్లి తిరిగొచ్చిన కొడుకు గురించి ఏసు చెప్పిన ‘తప్పిపోయిన కుమారుడి’ కథ వేసి, ఎంజీబీఎస్‌లో బస్సు దిగేవాళ్ల చిత్రాలతో కలపాలని ఆలోచన. గుడ్డకు పూయడానికి చింతగింజల జిగురు నేనే ఉడికిస్తున్నాను. ఇప్పటికి రెండుసార్లు బూజు పట్టింది.