టెక్ సందేహాలు: ఎడమచేతి రైఫిల్‌కు కుడిచేతి ఛాసిస్

ప్రశ్న: సార్, నాది పుర్రచేతి వాటం. రెండేళ్లుగా క్లబ్ రైఫిల్‌తో ప్రాక్టీస్ చేస్తున్నా. ఇప్పుడు లైసెన్స్ వచ్చింది. ఎడమచేతి యాక్షన్‌తో (గుండు ఎక్కించి పేల్చే యంత్ర భాగం) సొంతంగా ఒక ప్రెసిషన్ రైఫిల్ కట్టించుకోవాలని ఉంది. ఛాసిస్ స్టాక్ (యాక్షన్‌ను బిగించే లోహపు చట్రం) ఎలాంటిది తీసుకోవాలి? ‘రెండు చేతులవారికీ పనికొస్తుంది’ అని రాసి అమ్మేవి సరిపోతాయా?
– ఒక పాఠకుడు, ఎంవీపీ కాలనీ

జవాబు: చాలావరకు సరిపోవు. మౌస్ దగ్గర్నుంచి గేమింగ్ కంట్రోలర్ దాకా ఎడమచేతివాళ్లు నాకు రాసే ఫిర్యాదు ఒకటే. డబ్బా మీద ‘ఇరుచేతులకూ’ అని ఉంటుంది, ఇంటికి తెచ్చి చూస్తే అది కుడిచేతివాళ్ల వస్తువే. మౌస్ అయితే ఐదొందలు పోయాయనుకుని ఊరుకుంటారు. ఇక్కడ పోయేది లక్షల్లో ఉంటుంది. పైగా ఇది ముఖానికి ఆనించి పేల్చే వస్తువు.

ఆ లేబుల్ వేసేవాళ్లు చూసేది ముఖ్యంగా రెండే: బోల్ట్ (గుండును లోపలికి తోసి మూసే కడ్డీ) హ్యాండిల్ దిగడానికి రెండు పక్కలా గాడి ఉందా, పిస్టల్ గ్రిప్ రెండు వైపులా ఒకేలా ఉందా. అంతే, ‘సవ్యసాచి’ బిరుదు ఇచ్చేస్తారు. అర్జునుడు ఆ పేరు కోసం ఇంతకంటే కష్టపడ్డాడు.

అసలు గొడవ చీక్‌పీస్ (చెంప ఆనించే దిమ్మ) దగ్గర మొదలవుతుంది. దాన్ని పైకీ కిందికీ జరిపే నాబ్‌ను చాలామంది కుడిపక్కన పెడతారు. కుడిచేతి షూటర్ చెంప స్టాక్ ఎడమపక్కన ఆనుతుంది కాబట్టి ఆ నాబ్ అతనికి తగలదు. మీ చెంప మాత్రం సరిగ్గా ఆ నాబ్ మీదే వాలుతుంది. ఒక్క గుండుకు ఏమీ అనిపించదు. అరవై షాట్ల మ్యాచ్‌లో సగం దాటాక, దవడకు గుచ్చుకోకుండా తల ఎత్తి పెట్టడం మొదలవుతుంది. తల కదిలితే స్కోప్ వెనక కన్ను కదులుతుంది, గ్రూప్ (గుండ్లన్నీ ఒకేచోట పడటం) పాడవుతుంది. మీరేమో బ్యారెల్‌ను తిట్టుకుంటారు. కాబట్టి కొనేముందు అమ్మేవాణ్ని అడగాల్సిన మొదటి ప్రశ్న: చీక్‌పీస్ నాబ్‌ను విప్పి రెండో పక్కకు మార్చవచ్చా? ‘మార్చవచ్చు’ అంటే, నాబ్ మార్చాక తీసిన ఫొటో పంపమనండి.

రెండోది బోల్ట్ రిలీజ్, అంటే బోల్ట్‌ను బయటికి తీయడానికి నొక్కే మీట. కొన్ని కుడిచేతి యాక్షన్లలో ఆ మీట రిసీవర్ (బోల్ట్ కదిలే గొట్టం) ఎడమపక్కన ఉంటుంది. దాన్నే ఎడమచేతికి తిప్పి తయారు చేస్తే మీట కుడిపక్కకు వస్తుంది. ఛాసిస్ గోడకు కుడిపక్కన ఖాళీ లేకపోతే మీట నొక్కుకోదు, బోల్ట్ బయటికి రాదు. రేంజ్‌లో బోల్ట్ తీసి చూపించమన్నప్పుడల్లా యాక్షన్‌ను ఛాసిస్ నుంచి విప్పుతూ కూర్చోలేరు కదా.

స్టాక్‌ను మడతపెట్టే హింజ్ నాకు ఎలాగూ నచ్చదు. రేంజ్‌కు పెట్టెలో పెట్టి తీసుకెళ్లే రైఫిల్‌కు అది మరొక వదులయ్యే కీలు మాత్రమే. అయినా కావాలంటే, స్టాక్ ఏ పక్కకు మడుస్తుందో చూసుకోండి. కుడిచేతి డిజైన్లు చాలావరకు బోల్ట్‌కు అడ్డం రాకుండా ఎడమకు మడుస్తాయి. మీ బోల్ట్ ఉండేది ఆ పక్కనే. స్లింగ్ తగిలించే సాకెట్లు కూడా ఒక్క ఎడమపక్కనే ఇచ్చి వదిలేసేవాళ్లున్నారు. అలాగే స్కోప్. దానికి ఎడమచేతి మోడల్ కోసం వెతక్కండి, పారలాక్స్ నాబ్ (దూరాన్ని బట్టి స్కోప్‌లో బొమ్మను సరిచేసేది) దాదాపు ఎప్పుడూ ఎడమపక్కనే ఉంటుంది. మీరు బోల్ట్ ఎత్తేదీ అటే కాబట్టి ఆ నాబ్‌కు పెద్ద చక్రం తగిలించుకోకండి, వేళ్లు కొట్టుకుంటాయి.

ఇక వరుస. చాలామంది ఛాసిస్ ఫొటో చూసి మనసు పారేసుకుని, తర్వాత దానికి యాక్షన్ వెతుకుతారు. ముందు యాక్షన్ ఖాయం చేయండి. స్క్రూల మధ్య దూరం, రికాయిల్ లగ్ (పేల్చినప్పటి తోపును ఆపే దిమ్మ) మందం, వెనక టాంగ్ (తోక) ఆకారం, మ్యాగజైన్ రకం అన్నీ యాక్షనే నిర్ణయిస్తుంది. దానికి ‘ఎడమచేతి ఇన్‌లెట్’ (యాక్షన్ కూర్చునే గాడి) ఉన్న ఛాసిస్ దొరుకుతుందో లేదో అప్పుడు చూడండి. దొరక్కపోతే యాక్షన్ మార్చండి. అంతేగానీ అల్యూమినియంను ఆకురాయితో అరగదీసి సర్దుదామనుకోవద్దు. యాక్షన్ కూర్చునే చోట ఒక్కసారి అరిగిందంటే, ఛాసిస్‌కు అంత ఖర్చు పెట్టిన ప్రయోజనమే పోతుంది.

‘కుడిచేతి బోల్టే వాడు, చవక’ అని మీకు ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. బెంచ్ మీద లేదా సపోర్ట్ మీద రైఫిల్ నిలిపి, ఒక్కొక్క గుండు వేసుకుంటూ కాల్చేవాళ్లకు అందులో కొంత నిజం ఉంది. ట్రిగ్గర్ చేయి కదలదు, రెండో చేయి బోల్ట్ తిప్పుతుంది. కానీ ఎడమభుజంపై కుడిచేతి యాక్షన్ పెడితే ఎజెక్షన్ పోర్ట్ మీ ముఖం వైపు ఉంటుంది. ఖాళీ కేస్ (తూటా తొడుగు) బయటికి వచ్చేది అటే. కేస్ పగిలితే గ్యాస్ వచ్చేదీ అటే. ఎడమచేతి యాక్షన్‌కు అదనంగా ఇచ్చే డబ్బు అందుకోసమే అనుకోండి. ఏ యాక్షన్ అయినా కళ్లద్దాలు తప్పవు.

కొలతల విషయంలో ఒక్క ముక్క: స్టాక్ పొడవును షూటింగ్ జాకెట్ వేసుకుని కొలవండి. టీషర్ట్‌లో సరిపోయిన పొడవు జాకెట్ వేశాక ఎక్కువవుతుంది.

విశాఖలో ఉన్నారు కాబట్టి ఉప్పుగాలి సంగతి కూడా. చెక్క స్టాక్ తేమకు ఉబ్బి యాక్షన్ మీద ఒత్తిడి మారుస్తుంది, గుండు తగిలే చోటు జరుగుతుంది. అల్యూమినియం ఛాసిస్‌కు ఆ బాధ లేదు. దానికి వేరే బాధ ఉంది: అల్యూమినియంలో దిగిన మామూలు ఉక్కు స్క్రూ, మధ్యలో ఉప్పు తేమ. ఉక్కు ఆనిన చోట అల్యూమినియం తినేసుకుపోతుంది, కొన్నాళ్లకు స్క్రూ పట్టేస్తుంది. హార్డ్ యానోడైజింగ్ (అల్యూమినియం మీద గట్టి పొర) చేసినదే తీసుకోండి, థ్రెడ్లకు కొంచెం యాంటీ సీజ్ (స్క్రూ పట్టేయకుండా చూసే పేస్ట్) రాయమనండి. ఏసీ గదిలోంచి నేరుగా బయటికి తీస్తే లోహం మీద నీళ్లు కమ్ముతాయి. పెట్టెలోనే ఉంచి కాసేపు ఆగి తెరవండి.

చట్టం గురించి క్లుప్తంగా. 1959 ఆయుధాల చట్టంలో ‘ఆయుధాలు’ అంటే వాటి భాగాలు కూడా. విదేశీ సైట్‌లో ఛాసిస్‌ను కార్ట్‌లో వేసి కార్డు గీకేస్తే కస్టమ్స్‌లో ఇరుక్కుంటుంది, డబ్బుతోపాటు మీరూ ఇరుక్కోవచ్చు. లైసెన్స్ ఉన్న డీలర్‌ను అడిగి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. రైఫిల్ కట్టే పని కూడా లైసెన్స్ ఉన్న గన్‌స్మిత్ చేతిలోనే జరగాలి, ఇంట్లో కాదు.

ప్రశ్న: రేంజ్‌లో అందరూ బాలిస్టిక్ యాప్ (గుండు దారిని లెక్క వేసేది) వాడుతున్నారు, గాలి మీటర్‌ను బ్లూటూత్‌తో కలుపుతున్నారు. నేనూ యాప్ వేసుకున్నా. లొకేషన్, ఫొటోలు, కాంటాక్టులు అన్నీ అడుగుతోంది. రైఫిల్ సీరియల్ నంబర్ నింపమంటోంది. ఇవ్వొచ్చా?
– మరో పాఠకుడు, గాజువాక

జవాబు: ముందు ఒక ఎదురు ప్రశ్న. మీరు కాల్చేది 50 మీటర్లలో అయితే ఆ యాప్ ఎందుకు? ఆ దూరానికి కావాల్సింది కాగితం, పెన్ను, గాలి జెండా చూసే ఓపిక.

ఎక్కువ దూరాలకు కాల్చేవాళ్లకు యాప్ పనికొస్తుంది, కాదనను. అది లెక్క వేయడానికి గుండు వేగం, బాలిస్టిక్ కోఎఫిషియంట్ (గుండు గాలిని ఎంత బాగా చీల్చుకుపోతుందో చెప్పే అంకె), ఉష్ణోగ్రత, గాలి పీడనం, గాలి దిశ, వేగం లాంటివి చాలు. మరీ దూరమైతే అక్షాంశం. అక్షాంశానికి మీ ఇంటి గుమ్మం దాకా లొకేషన్ అక్కర్లేదు. ఆండ్రాయిడ్ 12 నుంచి, ఐఓఎస్ 14 నుంచి ‘సుమారు లొకేషన్’ మాత్రమే ఇచ్చే వీలుంది, అదే ఇవ్వండి. కాంటాక్టులు అడిగితే అడ్డంగా తల ఊపండి. మీ మేనమామ ఫోన్ నంబర్‌తో గుండు దిశ మారదు.

నన్ను ఎక్కువ భయపెట్టేది సీరియల్ నంబర్. ఏ తుపాకీ, ఎవరి పేరు మీద, ఏ వీధిలో, ఏ రోజుల్లో ఇంట్లో ఉండరు (ఆదివారం పొద్దున్నే రేంజ్‌లో ఉంటారు కదా), ఇవన్నీ కలిపి ఒక సర్వర్‌లో పెడితే అది దొంగలకు తయారు చేసి ఇచ్చిన జాబితా. సర్వర్ ఎక్కడుందో మీకు తెలియదు. పాస్‌వర్డేమో మీరు అన్నిచోట్లా వాడేదే. యాప్‌లో రైఫిల్‌కు ‘ఒకటో నంబర్’ అని పేరు పెట్టుకోండి, సీరియల్ ఖాళీగా వదిలేయండి. నింపందే ముందుకు వెళ్లనివ్వకపోతే ఆ యాప్ తీసేయండి.

ఇంతకంటే ఘోరం వాట్సాప్. డీలర్ అడగ్గానే లైసెన్స్ పుస్తకం ఫొటో తీసి పంపేస్తారు. అందులో మీ ఫొటో, చిరునామా, యూఐఎన్ (లైసెన్స్‌దారు గుర్తింపు సంఖ్య), ఆయుధం నంబర్ అన్నీ ఉంటాయి. ఆ ఫొటో డీలర్ ఫోన్ గ్యాలరీలోకి, అక్కణ్నుంచి క్లౌడ్ బ్యాకప్‌లోకి, అక్కణ్నుంచి అతని కొడుకు ట్యాబ్‌లోకి వెళ్తుంది. దుకాణానికి వెళ్లి చూపించడం మేలు. పంపక తప్పదనుకుంటే ఫొటో మీద అడ్డంగా ‘ఫలానా పనికి మాత్రమే’ అని, తేదీతో సహా రాసి పంపండి. పని అయ్యాక రెండు వైపులా తీసేయించండి.

మన ఊళ్లో దీనికి ఇంకో కోణం ఉంది. ఇది తూర్పు నౌకాదళ కేంద్రం. ఒక ఫిట్‌నెస్ యాప్ పెట్టిన హీట్ మ్యాప్‌లో (ఎక్కువగా తిరిగిన దారులు వెలుగుతూ కనిపించే పటం), జాగింగ్ చేసిన సైనికుల పరుగు దారుల వల్ల ఎడారుల్లోని స్థావరాల ఆకారాలు 2018 జనవరిలో బయటపడ్డాయి. ఎవరూ హ్యాక్ చేయలేదు, అందరూ ‘అనుమతించు’ నొక్కారు, అంతే. 2019 చివర్లో మన నౌకాదళం స్థావరాల్లో, నౌకల్లో స్మార్ట్‌ఫోన్లు నిషేధించింది. మీ పక్క లేన్‌లో కాలుస్తున్నది నేవీ ఉద్యోగి కావచ్చు. టార్గెట్‌తో సెల్ఫీ దిగి లొకేషన్ ట్యాగ్‌తో పెట్టేముందు వెనకాల ఎవరున్నారో ఒకసారి చూడండి.

ఇక స్మార్ట్ స్కోప్‌లు. వై-ఫై ఉన్న స్కోప్ కొందామా అని అడిగే ఉత్తరాలు కూడా ఈ మధ్య పెరిగాయి. 2015లో లాస్ వేగస్‌లో జరిగిన బ్లాక్ హ్యాట్ సైబర్ భద్రత సదస్సులో ఇద్దరు పరిశోధకులు కంప్యూటర్ బిగించిన ఒక రైఫిల్ వై-ఫైలోకి దూరి చూపించారు. నెట్‌వర్క్‌కు అందరికీ ఒకే డిఫాల్ట్ పాస్‌వర్డ్. లోపలికి వెళ్లి గుండు బరువు అంకె మార్చేసరికి గురి పక్కకు తప్పింది, కాల్చేవాడికి స్క్రీన్ మీద చిన్న కుదుపు తప్ప తేడా ఏమీ కనిపించదు. ట్రిగ్గర్‌ను మాత్రం దూరం నుంచి నొక్కలేకపోయారు, దానికి మనిషి వేలే కావాలి. నా దృష్టిలో గురి చూసే గాజుకు వై-ఫై అవసరమే లేదు. కొనేశారా, రేడియో ఆపేసి వాడండి.

ఇక్కడ మీ ప్రశ్న దాటి పోతున్నా, ఓపిక పట్టండి. గాలి మీటర్‌కు అప్‌డేట్ కావాలంటే అకౌంట్ తెరవాలి. అకౌంట్‌కు ఈమెయిల్, ఫోన్ నంబర్, పుట్టినతేదీ కావాలి. అప్‌డేట్ అయ్యాక యూనిట్లు మళ్లీ మైళ్లు, ఫారెన్‌హీట్‌లోకి వెళ్లిపోతాయి, ఆపేసిన బ్లూటూత్ మళ్లీ వెలుగుతుంది, మీరు తీసేసిన అనుమతులు మళ్లీ అడుగుతుంది. అప్‌డేట్ అంటే లోపం సరిదిద్దడం అనుకునే రోజులు పోయాయి. వాడేవాడు పెట్టుకున్న సెట్టింగ్‌ను చెప్పకుండా చెరిపే హక్కు ఏ ఇంజినీరు ఇచ్చాడో తెలియదు. కుడిచేతి నాబ్ పెట్టి ‘ఇరుచేతులకూ’ అని రాసేవాళ్లదీ ఇదే బుద్ధి: సర్దుకుంటారులే అనే ధీమా. మ్యాచ్‌కు ముందురోజు రాత్రి ఏదీ అప్‌డేట్ చేయకండి. చేసినప్పుడల్లా అనుమతుల పేజీ తెరిచి మళ్లీ చూడండి.

ప్రశ్న: ఛాసిస్ స్క్రూలు ఎంత బిగించాలి? యూట్యూబ్‌లో ఒక్కొక్కరు ఒక్కో అంకె చెబుతున్నారు. ఒకరు 65 అన్నారు.
– పేరు వద్దన్న పాఠకుడు, సీతమ్మధార

జవాబు: 65 ఏమిటి? అంగుళం-పౌండ్లా, అడుగు-పౌండ్లా, న్యూటన్ మీటర్లా? అది చెప్పకుండా వీడియో పెట్టేవాళ్ల వల్లే థ్రెడ్లు పోయిన ఛాసిస్‌లు తయారవుతున్నాయి. 65 అంగుళం-పౌండ్లంటే సుమారు 7.3 న్యూటన్ మీటర్లు. అల్యూమినియం ఛాసిస్‌లకు తరచుగా చెప్పే అంకె అది. కానీ మీది రిమ్‌ఫైర్ (చిన్న గుండ్ల రైఫిల్) అయితే ఇంకా తక్కువే ఉండవచ్చు, తయారీదారు కాగితంలో ఉన్నదే పాటించండి. ఆటోనగర్‌లో కారు చక్రాలు బిగించే టార్క్ రెంచ్ అరువు తెచ్చుకోవద్దు, దానికి ఇంత చిన్న అంకెలు అందవు. సైకిల్ రిపేరుకు వాడే, 2 నుంచి 10 న్యూటన్ మీటర్ల దాకా కొలిచే చిన్న రెంచ్ చాలు. ముందు స్క్రూ, వెనక స్క్రూ మార్చి మార్చి, కొంచెం కొంచెంగా బిగించండి.